శుక్రవారం ధర మీద పందెం

అక్కా,

నువ్వు ఆరేళ్లు పనిచేసిన కంపెనీ పోయిన వారం స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. ఈ రోజు అమెరికాలో, ఈ డబ్లిన్‌లో మనింట్లో నీ సంవత్సరీకం. నీ టీమ్‌లో పనిచేసిన సుధ కూడా వచ్చింది. విస్తళ్లు వేస్తుండగానే మన కిరణ్ బావ ఫోన్‌లో ఒక యాప్ తెరిచి ఆమె పక్కన చేరాడు. మీ కంపెనీ షేరు ఈ శుక్రవారం నలభై డాలర్లు దాటుతుందా, లేదా అని అందులో జనం పందేలు కాస్తున్నారు.

"లోపల ఎలా ఉందమ్మా? అవునో కాదో చెప్పు, చాలు," అన్నాడు.

"చెప్తే జాబ్ పోతుంది అన్నయ్యా. దాంతోపాటు వీసా కూడా."

"ఇంట్లో మాటేగా. అదే బతికుంటే నాకు చెప్పకపోయేదా?"

నాకు ఒళ్లు మండింది. ఆఫీస్ కాల్ వస్తే నా ముందు కూడా మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకునేదానివి.

"నాకే చెప్పేది కాదు బావా, నీకు చెప్తుందా?" అన్నాను.

ఆ మాటకి సుధ నీ ఫొటో వైపు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. బావ ఆమె ముఖంలోకి తేరిపార చూశాడు.

"అర్థమైందిలే, షేరు పడుతుంది," అని గొణిగి, 'కాదు' మీద నొక్కాడు.