వారం ఆగిన ఆపరేషన్

ట్రోన్‌హైమ్, మే 14

మామయ్యగారికి,

ఫోన్‌లో మీకు సరిగా వినపడదు కనుక కార్డు రాస్తున్నాను. ఐవిన్ ఈ ఉదయం నుంచి గొట్టం లేకుండా తనంతట తానే ఊపిరి పీలుస్తున్నాడు.

కోస్తున్న చెట్టు తన మీద పడి తొడ విరిగితే, ఎముక కూర్చకుండా వారం రోజులు ఊరుకున్నారేమని మీరు కోప్పడ్డారు. మొదటి రోజు నేనూ డాక్టర్ తోరిల్‌తో పోట్లాడాను.

"ఎముక ఆగుతుందమ్మా, ఊపిరితిత్తులు ఆగవు. దెబ్బకి లోపల ఎంత వాపు రేగిందో రక్తపరీక్షలో తెలుస్తుంది. ఆ అంకె ఇంత పైన ఉండగా పెద్ద ఆపరేషన్ చేస్తే ఊపిరితిత్తులు తట్టుకోలేకపోవచ్చు," అందామె.

"ఎక్స్‌రేలో బాగానే ఉన్నాయన్నారుగా?" అన్నాను.

"ఇవాళ్టికి బాగానే ఉన్నాయి. నా అనుమానం తప్పయితే నాకూ సంతోషమే."

తప్పు కాలేదు. అప్పటికి తొడకు బయటినుంచి కడ్డీలు బిగించి ఎముక కదలకుండా ఉంచారు. మూడో రోజుకే ఊపిరి అందక గొట్టం వేశారు. అప్పటికే పెద్ద ఆపరేషన్ అయి ఉంటే మనకు దక్కేవాడు కాదేమో. అంకె బాగా దిగాక మొన్న ఎముక కూర్చారు.

గొర్రెలన్నీ ఈనాయా? ఐవిన్ కళ్ళద్దాలు, ఉన్ని మేజోళ్ళు ఎవరిచేతైనా పంపండి. బంగాళాదుంపలు నాటే పని ఈసారి పక్కింటివాళ్ళకు అప్పగించండి.

రంపం పట్టింది మీరే కనుక తప్పంతా మీదేనని తిండి మానేశారట, అత్తయ్య చెప్పింది. గొట్టం తీశాక ఐవిన్ అన్న మొదటి మాట ఇది: "నాన్న తప్పుకోమని అరిచారు. నేనే వినలేదు. ఆయనకి చెప్పు."

చెప్పాను మామయ్యగారూ. అత్తయ్య పెట్టింది కాదనకుండా తినండి.

మీ కోడలు
గున్‌వోర్