తగినవాడివయ్యాక

నంద్యాల,
ఆదివారం

నా బావకు,

నీ మొండి పెళ్లాం లూదియా వందనాలు. ఫోన్ ఎత్తవు కాబట్టి ఈ కాగితాన్ని ఆళ్లగడ్డ బస్సు డ్రైవరు శేషయ్యన్న చేతికిచ్చి పంపుతున్నాను. దీన్నైనా ఎత్తు.

మా నాయన భూస్థాపన రోజు సమాధి దగ్గర నువ్వు తాగి పడిపోయావు. అందరూ చూశారు, నేను సిగ్గుతో చచ్చాను. అదంతా నిజమే. కానీ మరుసటి ఉదయం నువ్వు తల వంచుకుని కూర్చుంటే, "పోనీలే బావా, నేను మనసులో పెట్టుకోల్యా" అని కాఫీ గ్లాసు చేతికిచ్చాను కదా. ఒక్క గుక్కయినా తాగకుండా, "మంచోన్నయినాక వస్తా" అని సంచి తీసుకుని ఆళ్లగడ్డకు వెళ్లిపోయావు. ఈస్టరు పోయింది, వానలు కూడా వచ్చాయి. ఇంకా కాలేదా?

ఈరోజు చర్చిలో అయ్యగారు అబ్రాహాము గురించి చెప్పారు. ఆయన దేవుణ్ని నమ్మాడు, ఆ నమ్మకాన్నే దేవుడు నీతిగా ఎంచాడట. నీతి మనం సంపాదించి చూపించేది కాదు, క్రీస్తును నమ్మి చేయి చాచి పుచ్చుకునేది అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు, నాకు ఏడుపొచ్చింది. నీ పేరేమో దేవదానం, ఉచితంగా ఇస్తే మాత్రం ఏదీ పుచ్చుకోవు. నువ్వు పనిచేసే బండల కార్ఖానాలో రాళ్లకు పట్టినట్టు నీకు నువ్వే పాలిష్ పట్టుకుంటున్నావు. అక్కడి చర్చిలో ప్రభువు బల్ల దగ్గర, క్రీస్తు శరీరానికి గుర్తుగా పంచే రొట్టె పళ్లెం వస్తే పక్కకు జరిపేస్తున్నావని శేషయ్యన్న చెప్పాడు. క్షమించానన్న నా మాటే నమ్మనివాడివి, ప్రభువు మాటెలా నమ్ముతావు?

తలుపు గొళ్లెం వేసే ముందు రోజూ ఒకసారి వీధిలోకి చూస్తాను. నువ్వు లేకుండా నాకేమీ బాగాలేదు బావా. తాగినా పర్వాలేదని అనను. గొడవపడతాను, ఆసుపత్రికి లాక్కుపోతాను. అయినా రా.

నీ లూదియా


ఆళ్లగడ్డ,
సోమవారం

లూదియాకు,

నీ ఉత్తరం పోయిన సోమవారమే అందింది. అయినా శుక్రవారం మళ్లీ తాగాను. ముందే చెబుతున్నాను. చర్చికి పోవడానికి మొహం చెల్లలేదు గానీ, నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నిన్న పోయాను. పళ్లెం పట్టుకొచ్చింది సంఘపెద్ద రంగయ్య తాత. నేను తల తిప్పుకున్నా ఆయన కదల్లేదు.

"ఏమప్పా, ఆకలి లేదా?"

"నేను తగినోన్ని కాదు తాతా."

"తగినోళ్లు ఈడ యాడుండారు? నేనేమన్నా తగినోన్నని పట్టుకొస్తాండానా? ప్రభువు నీకోసం చచ్చిపోయినాడని నమ్ముతాండావా లేదా, అది చెప్పు."

"నమ్ముతాండా."

"అయితే తీసుకో. వెనక జనం ఉండారు."

చేయి చాచి తీసుకున్నాను. నోట్లో పెట్టుకున్నాక ఏడుపు ఆగలేదు. నీ మాట కూడా అప్పుడే నమ్మాను.

తాగుడు పోయిందని అబద్ధం చెప్పను. నువ్వన్న ఆసుపత్రికి వస్తాను, నువ్వు పక్కనుండాలి. ఈ ఉత్తరం నేనే తెచ్చి తలుపు కింద నుంచి లోపలికి తోస్తాను. నువ్వు చదువుతుంటే గడప బయట నిలబడి ఉంటాను. రెండోసారి చదివాక లోపలికి పిలుద్దామనుకోకు. ఆకలిగా ఉంది.

నీ దేవదానం