నోరు మూసుకుని పడవెక్కిన రోజు

జూన్ 18
చెడ్డది కాదట! గొంతులోంచి తీసి పరీక్షకు పంపిన మినపగింజంత కండ సంగతి ఇవాళ తేలింది. డాక్టరమ్మ జర్మన్‌లో చెప్పింది, మా అమ్మాయి ప్రశాంతి తెలుగులో చెప్పింది, మా ఆవిడ సరోజ ఏ భాషా అక్కర్లేకుండా ముందే ఏడ్చేసింది. అయితే వచ్చే టెర్మిన్ (మళ్లీ చూపించుకునే తేదీకి ఇక్కడి మాట) దాకా గుసగుస కూడా కూడదు. గొంతు మునుపటిలా వస్తుందా అంటే — "చూద్దాం" అందట.

జూన్ 19
చెప్పాల్సినవి పోగుపడుతున్నాయి. అందుకే ఈ డైరీ.

జూన్ 21
ఏడాదిలోకెల్లా పొడుగు పగలు. పైగా మాట్లాడకూడదు — ఇంకెంత పొడుగో.

అల్లుడు కిరణ్ పడవ అద్దెకు తీసుకున్నాడు. సన్నటి పొడుగు పడవ, లోపలే పొయ్యి, పడకలు. మాగ్డెబర్గ్ ఊరు వెనకబడింది. ఇక పల్లెకాలువ — రెల్లు, గోధుమచేలు. గట్టు మీద కుక్కను తిప్పుతున్న ముసలావిడ మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి చెయ్యూపింది. అదీ మా వేగం.

లాకులొచ్చాయి. ఇక్కడ ష్లోయిజె అంటారు. నేను లాకుల పక్కన పుట్టినవాణ్ణే... కాకపోతే గట్టు మీంచి చూసినవాణ్ణి. "మావయ్యగారూ, తాడు కాస్త పట్టుకోండి." పట్టుకోవడమేమిటి, గట్టున ఇనపగుంజకు కట్టేశాను. గేదెకు వేసే ముడి. (ఆ ముడితో మా నాన్న కట్టిన గేదె గుంజతో సహా సంతకు వెళ్లింది. ముడి మాత్రం ఊడలేదు.)

నీళ్లు దిగుతున్నాయి. పడవ దిగాలి, ముడి దిగనివ్వదు. ఒరిగింది. పులిహోర గిన్నె జారింది. పైనుంచి లాకులాయన కేకలు. "కట్టేశారా మావయ్యా!" — కిరణ్ కూరగాయల కత్తితో తాడు కోసేశాడు. దభీమని నీళ్ల మీద పడ్డాం.

"నోరంటే మూశారు, బుర్ర కూడా మూసేశారా?" — సరోజ.

జవాబు నాలిక చివరే ఉంది. మింగాను. ప్రాణం మీదికొచ్చినా కిక్కురుమనలేదు — ఇది రాసిపెట్టుకోవాలి.

సాయంత్రం. ఎంతకీ పొద్దు కుంకదు. సరోజ అల్లుడికి కథ మొదలెట్టింది. నా కథ! పెళ్లయి మేమంతా గోదావరి దాటుతుంటే పంటు మీద మేక నా మెడలో దండ తినేసిన కథ. నవ్వించాల్సిన చోట ఊపిరి తీసుకుంటుంది, ఊపిరి తీసుకోవాల్సిన చోట తనే నవ్వేస్తుంది. భరించాను.

"ఈయన అటు తిరిగారో లేదో బాబూ, ఆ తెల్లమేక —"

"నల్లది!"

నేనే. బొంగురు, అడుగున జీర... కానీ గొంతే. నాదే.

"నాన్నా!" — ప్రశాంతి. కిరణ్ నవ్వాపుకోలేక పడవను రెల్లులోకి పోనిచ్చాడు. సరోజ కాలువకేసి చూస్తూ, "ఆఁ, నల్లదేలెండి" అంది. థర్మాస్ మూత ఎంతకీ సరిగ్గా బిగించలేకపోయింది.

జూన్ 22
రేపే టెర్మిన్. ఒక మాట జారిందని డాక్టరమ్మకు చెప్పాలా? కాగితమ్మీద రాసి చూపించాను. "అది మాటెలా అవుతుంది, రంగు" అంది సరోజ.

ఒకటే తెగడం లేదు. ఆ మేక మళ్లీ నా మీదికి రాకుండా రేవు దాకా తాడు పట్టుకుని నిలబడింది పెళ్లికూతురే. తన చేతిలో ఉన్న మేక రంగు తనకు తెలియదా?

కాగితమ్మీద రాసి అడిగేది కాదు. గొంతొస్తే, మొదట ఇదే —