మునెమ్మ వీధి కుక్కలు

అక్కకు, తమ్ముడు రెడ్డెప్ప దండం పెట్టి రాసేది. నా ఒళ్ళు బాగానే ఉంది. అమ్మ మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. ఫోన్లో చెబితే అమ్మ పక్కనే ఉండి వింటుందని ఇది రాస్తున్నాను. నువ్వు ఒక్కదానివే చదువుకో.

హోసూరులో చలి మొదలైంది. పొద్దున్నే తుంపర. కంపెనీ పనికని వచ్చి కుక్కలు పట్టే బండి ఎక్కానని నీకు తెలుసు. వీధికుక్కల్ని వలేసి పట్టాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, పిచ్చి రాకుండా సూది అయ్యాక, గుర్తుకు చెవి కొస కత్తిరించి మళ్ళీ అదే వీధిలో వదలాలి. వేరే చోట వదలకూడదు, చంపకూడదు. చట్టం అది. వదలడానికి పోయిన ప్రతిసారీ జనం మమ్మల్ని నోటికొచ్చినట్టు తిడతారు. నాకు ముందే సూదులన్నీ వేశారు, దిగులు పడొద్దు.

నా గదికి ఎదురింట్లో మునెమ్మ, ఆమె భర్త వెంకటప్ప ఉండేవారు. ఇక్కడికి దగ్గర్లోనే తెలుగువాళ్ళుండే అత్తిముగం ఊరి నుంచి ఎప్పుడో వచ్చి, వీధి మొదట్లో పూలు అమ్ముకునేవారు. తమిళం రాక నేను బిక్కమొహం వేసుకుని తిరుగుతున్నప్పుడు, "యాడప్పా మీది? పుంగనూరు పక్కా? రా, సంగటి తిందువు" అని పిలిచిన మనిషి ఆమె. అప్పటినుంచి నాకు అత్త అయింది.

వానల్లో ఎక్కడిదో ఒక కుక్క బస్టాండు వైపు నుంచి చొంగ కార్చుకుంటూ వచ్చి, పూలు కడుతున్న అత్త చెయ్యి కరిచింది. మేమే పోయి వలేసి పట్టాము. అది బోనులోనే చచ్చింది. పరీక్షలో పిచ్చిదేనని తేలింది. కరిచిన రోజే నేను అత్తను ఆసుపత్రికి తీసుకుపోయి సూదులు వేయించాను. మిగతావి కూడా వేయించుకుంటేనే గండం గడుస్తుందని నర్సమ్మ మరీ మరీ చెప్పింది. అత్త మళ్ళీ పోలేదు.

"ఎందుకు పోలేదత్తా?"

"పోతే సగం దినం ఆడనే అయిపోతాది. పండగ గిరాకీ వదులుకునేకి అవుతుందా? పుండు మానిపోయినాది చూడప్పా."

బండిలో తీసుకుపోతానని ఎన్నిసార్లో వాకిట్లో నిలబడ్డాను. వెంకటప్ప మామకూ చెప్పాను. "రేపొస్తాలేప్పా" అంటూనే పండగ గడిపేసింది.

తర్వాత ఒక పొద్దున మామ కేకేశాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నీళ్ళ గ్లాసు దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోయి ఒళ్ళంతా వణికింది. కృష్ణగిరికి తీసుకుపోయాము. ఇంక చేసేదేమీ లేదని డాక్టరు మామ భుజం మీద చెయ్యి వేశాడు. తెలివి ఉన్నంతసేపూ ఆమె నన్నే చూసి "దప్పికప్పా, దప్పిక" అంది. ఆమె తాగలేదు, మేము తాగించలేము. ఆ దప్పికతోనే పోయింది అక్కా.

కర్మలు ముగిసిన మర్నాడే ఆఫీసు నుంచి ఫోన్. మా వీధిలో కుక్కలు చచ్చి పడున్నాయి, ఎత్తాలని. పోయి చూస్తే అన్నీ చెవి కొస తెగినవే. నేను పట్టి, సూదులు వేయించి, నా చేతులతో వదిలినవే. పక్కన మాంసం ముక్కలు. అరుగు మీద మామ కూర్చుని ఉన్నాడు.

"నేనే పెట్టినాను. పోయి చెప్పుకో పో."

"ఇవి ఎవర్నీ కరవలేదు కదా మామా. సూదులు వేసినవి. ఇవి లేకపోతే కొత్తవి వస్తాయి."

"మునెమ్మ లేదు. ఇవి మాత్రం ఉండల్లా?"

ఒక్కొక్కదాన్నీ ఎత్తి బండిలో వేశాను. పోలీసులు వచ్చి అడిగితే నాకు తెలియదన్నాను.

అనుకున్నట్టే చెత్తకుప్ప దగ్గరికి కొత్త కుక్కలు చేరాయి. వాటికి సూది పడిందో లేదో ఎవరికీ తెలియదు. నిన్న వల తీసుకుని పోయాము. మామ కర్ర పట్టుకుని మాతో పరిగెత్తాడు. "విడవద్దప్పా, పట్టు!" అని అరిచాడు. ఒకటి దొరికింది. ఆయన ఆయాసపడుతూ దగ్గరికొచ్చి, "దీన్ని యాడికి తీసకపోతావు?" అని అడిగాడు.

"ఆపరేషన్ చేయించి, సూది వేయించి, మళ్ళీ ఈడికే తేవాలి మామా."

ఆయన నన్ను తిట్టలేదు. కర్ర అక్కడే పడేసి, ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ఈ పని మానేద్దామని ఉంది. మానేసి ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. పిల్లల్ని కుక్క గీరినా చాలు, సబ్బుతో చాలాసేపు కడిగి, ఆసుపత్రికి తీసుకుపో. సూదులు ఒక్కటి కూడా మానొద్దు. నా మీద ఒట్టు.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మ కాళ్ళకు నా బదులు నువ్వు మొక్కు. ఏం రాశాడని అడిగితే, ఇక్కడ చలిగా ఉందట, కంబళి పంపమన్నాడని చెప్పు.

నీ దీవెన కోరే తమ్ముడు,
రెడ్డెప్ప