గొడ్డలి మీద వాలిన నాన్న

ఒకాంపో,
పెద్దల పండుగ మర్నాడు

అక్కా,

అమ్మ కులాసాగానే ఉంది, కంగారుపడకు. ఈ ఏడు కొండకి పోయిన మనవాళ్ళ ప్రాణాల్ని మోసుకొచ్చే సీతాకోకచిలుకలు సగం కూడా రాలేదు. నాన్న కోసం బంతిపూలూ రొట్టే పెట్టుకుని కూర్చున్న అమ్మ నిన్నంతా ఒకటే నస: "పక్కింటి రెఫూహియో మొగుడు పొద్దున్నే రెక్కలు కట్టుకుని వచ్చేశాడు, చచ్చినా మీ నాన్నకే తీరిక లేదు!"

సాయంత్రం ఒకటొచ్చింది. రొట్టె వైపు చూడనైనా చూడకుండా తిన్నగా పోయి నాన్న గొడ్డలి మీద వాలింది. అమ్మ లేచింది. "ఇంకా దాన్ని వదలవా? దేవదార్లన్నీ నరికి అమ్మేశావుగా! ఈ చలికాలం ఎక్కడ వేలాడతావు, నా నెత్తిమీదా?" అది కదల్లేదు. కొండకి కాపలావాణ్ణయ్యుండీ చూస్తూ ఊరుకున్నానని తరవాత అమ్మ నా మీద పడింది. తెల్లారేసరికి బోడి వాలుకి తోలి గుంతలు తవ్విస్తోంది. వానలకి మొక్కలు నాటాలిట.

క్రిస్మస్‌కి బావనీ, మంచి పారనీ తీసుకురా. నీ పెళ్ళికి నాన్న చేయించిన మంచం గట్టిగా ఉందా? అమ్మ ఊరికే అడగటం లేదు. అది ఏ చెట్టుదో ఆవిడకి గుర్తొచ్చింది.

గ్వాదలూపె తల్లి మిమ్మల్ని చల్లగా చూడాలని అమ్మ దీవెన. నీ వంతు గుంతలు మాత్రం నువ్వే తవ్వుకోవాలిట.

నీ తమ్ముడు
ఎలిసేయో