అదోలా చూసే మనిషి

ప్రియమైన పొడుగు జడకి,

గది బాగుంది. కిటికీలోంచి వీధి మలుపు కనిపిస్తుంది. కింద ఇంటావిడ, కాలేజీకెళ్ళే ఆవిడ కూతురు ఉంటారు. పనికీ ఢోకా లేదు. విగ్గులు కట్టేవాళ్ళు ఇక్కడ తక్కువట, ఓనరు నన్ను నెత్తిన పెట్టుకుంటున్నాడు.

మనసే బాగోలేదే. నేనంటే జనానికి ఏదో బెదురు. మొన్న బస్సులో ఒకావిడ జడ ముందుకేసుకుని, లేచి ఇంకో సీటుకి మారిపోయింది. నేనేం చేశాను? జుట్టు చూశాను. ఒత్తెంత, సుడి ఎటు తిరిగింది, పాపిట ఎక్కడుంది, అంతే కదా! ఇంటావిడ కూతురు రోజూ మంచినీళ్ళ సీసా తెచ్చిచ్చేది. ఈమధ్య తల్లే తెచ్చి గుమ్మం బయట పెట్టి పోతోంది. నిన్న ఫోనులో ఎవరితోనో అంటుంటే నా చెవిన పడింది. "మనిషి మంచివాడిలాగే ఉన్నాడు గానీ, అదోలా చూస్తాడు."

అదోలా అంటే ఎలాగే? పొద్దున అద్దంలో చూసుకున్నాను. ఎప్పుడూ ఉండే మొహమే ఉంది.

దిగులుగా,
నీ మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రిగారికి,

మీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. తర్వాత జాలేసింది. ఆ తర్వాత కోపమొచ్చింది, మీ మీదే.

పెళ్ళికి ముందు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు ఏం చేశారో గుర్తుందా? అందరూ నా మొహం చూసి మాట్లాడుతుంటే మీరు నా నడినెత్తి చూస్తూ కూర్చున్నారు. వంటింట్లోకెళ్ళి, "ఎవరే అమ్మా ఈ మనిషి, ఒళ్ళు జలదరిస్తోంది" అన్నాను. "వాడిది జుట్టు పనమ్మా" అని మామయ్యగారు చెప్పాకగానీ నా ప్రాణం కుదుటపడలేదు.

అదోలా అంటే అదేనండీ. తిట్టేవాణ్ణి తిరిగి తిడతాం, కొట్టేవాడైతే పారిపోతాం. ఏం కావాలో చెప్పకుండా చూస్తూ కూర్చునేవాడితో ఏం చెయ్యాలి? మీ మనసులో ఏముందో వాళ్ళకేం తెలుసు? ఆ బస్సులో నేనున్నా సీటు మారేదాన్నే. కళ్ళయినా తిప్పుకోండి, నోరయినా తెరవండి. ఇంటావిడకి మీ పనేమిటో చెప్పండి చాలు.

పోతే, సెలవులకొచ్చినప్పుడు కత్తెర పట్టుకుని నా జడ చుట్టూ తిరగొద్దు. ప్రాణమైనా ఇస్తాను గానీ అది మాత్రం ఇవ్వను.

మీ పొడుగు జడ

*

ప్రియమైన సలహాదారుకి,

నీ మాట విని కొంప ముంచుకున్నాను. ఇంటావిడ నీళ్ళు పెట్టడానికొస్తే నవ్వుతూ చెప్పాను. "నేను విగ్గులు కడతానండీ. మీ అమ్మాయి జుట్టు చూసేదీ అందుకేనండీ."

ఆవిడ మొహం పాలిపోయింది. గిరుక్కున తిరిగి మెట్లు దిగిపోయింది. సాయంత్రం వచ్చి, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమంది. ఎందుకండీ అంటే, "చెయ్యండి, అంతే" అంది. కళ్ళలో నీళ్ళు!

మా షాపుకొచ్చేది దాదాపు అందరూ ఆడవాళ్ళే. ఈ మచ్చ ఓనరు దాకా పోతే నన్ను పనిలో ఉంచుతాడా? వచ్చేస్తానే.

నీ మేస్త్రి

*

ప్రియమైన మీకు,

తొందరపడి రాకండి. తప్పుడు సలహా ఇచ్చానేమోనని రాత్రంతా అదే ఆలోచన. ఒకటడుగుతాను, నిజం చెప్పండి. మీరు ఊరికే ఒకే తలని అన్నిసార్లు చూడరు. ఆ పిల్ల తలలో మీకేం కనబడింది?

మీ పొడుగు జడ

*

ప్రియమైన పొడుగు జడకి,

నీ దగ్గర ఏదీ దాగదు. ఆ పిల్ల పాపిట వెడల్పవుతూ వచ్చింది. ఒకచోట చొక్కా బొత్తామంత నున్నగా అయిపోయింది. పరాయి మగాణ్ణి, ఎలా చెప్పను? నోరు మూసుకున్నాను. కళ్ళు మాత్రం మూసుకోలేదు.

నిన్న పెట్టె సర్దుకుంటుంటే తలుపు చప్పుడైంది. ఇంటావిడ, వెనకే కూతురు, తలకి స్కార్ఫు. తల్లి గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్లే అంది. "అంకుల్, మీకు ముందే తెలుసు కదా? తెలిసీ ఏమీ అనరు, చూస్తారు. మీరు చూసినప్పుడల్లా చెయ్యి పాపిట మీదికి పోయేది."

సిగ్గుతో చచ్చిపోయాననుకో. అప్పుడు తల్లి అందుకుంది. "మీరు విగ్గుల పని అనగానే, మా గుట్టు తెలిసిపోయిందనిపించిందండీ. ఆ బాధలో మిమ్మల్ని పొమ్మన్నాను." మందులు వాడుతున్నారట. జుట్టు తిరిగొస్తుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడట. పిల్ల కాలేజీ మానేసి ఇంట్లోనే కూర్చుందట.

"చూడొచ్చా అమ్మా?" అన్నాను. షాపు బయట ఆ మాట అడగడం నా జన్మలో ఇదే మొదలు. స్కార్ఫు తీసి కుర్చీలో కూర్చుంది. కిటికీ బార్లా తెరిచి తీరిగ్గా చూశాను. కాసేపటికి, "ఇప్పుడు అదోలా లేదంకుల్" అని నవ్వింది. ఇంటావిడ నా పెట్టెని మళ్ళీ మంచం కిందికి తోసేసింది.

అయితే మా షాపులో ఉన్న జుట్టేదీ ఆ పిల్లకి నప్పడం లేదు. ఎండలో కాస్త ఎర్రగా మెరిసే జుట్టు, చివర చిన్న వంకీ. అచ్చం నీదే. ఇదివరకైతే ఇంటికొచ్చి, ఏమీ అనకుండా నీ జడవైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు నోరు తెరిచి అడుగుతున్నాను. కోపమొస్తే తిట్టు. కుదరదంటే కుదరదను, ఆ మాట మళ్ళీ ఎత్తను.

ఇస్తావా?

నీ మేస్త్రి