చెల్లెతో చదివించుకో

అవ్వా,

మొన్న ఆదివారం ఫోన్‌లో "ఎవడివిరా నువ్వు, నా బిడ్డ ఫోను నీకెట్ల దొరికింది?" అని నువ్వు తిట్టింది నన్నే. భయపడకు, అంతా చెబుతాను.

ఇక్కడ భివండిలో బట్ట నేసే సాంచాల మోతకు మేమంతా చేతి సైగలతోనే మాట్లాడుకుంటాం. అందుకే నా గొంతు మగగొంతు అవుతున్నా ఎవరూ పట్టించుకోలేదు. నెలసరి ఆగి, గడ్డం మీద వెంట్రుకలు వచ్చాక సిగ్గుపడ్డాను. డ్యూటీలో ఉన్నానని అబద్ధం చెప్పించి, ఏడాదిపాటు నీతో మీ అల్లుడినే మాట్లాడించాను. స్పీకర్ పెట్టించి, పక్కన కూర్చుని నీ మాటలు వినేదాన్ని.

చివరికి డాక్టరమ్మకు చూపించుకున్నాను. అండాశయంలో నిమ్మకాయంత గడ్డ ఉందని, అది మగవాళ్ల హార్మోన్ తయారు చేస్తోందని చెప్పి తీసేసింది. చాలా అరుదైన గడ్డట. పరీక్షకు పంపితే క్యాన్సర్ కాదని వచ్చింది. నెలసరి మళ్లీ వస్తోంది, వెంట్రుకలూ తగ్గుతున్నాయి. గొంతు మాత్రం ఇక ఇంతేనట.

వచ్చే ఆదివారం మళ్లీ చేస్తాను. పెట్టేయకు. "తిన్నవా బిడ్డా" అని నువ్వు నన్నే అడగాలి.

ఈ ఉత్తరం చెల్లె అనితతో చదివించుకో. దాని గొంతు అచ్చం నా పాత గొంతే. కళ్లు మూసుకుని విను.

నీ పెద్దబిడ్డ